పరాయి యంత్రం, ప్రభుత్వ రహస్యం: కొన్ని విశేషాలు

పెట్టె మీద పేరు మారింది

2006లో అమెరికా విదేశాంగ శాఖ 16,000 కంప్యూటర్లకు ఆర్డరు పెట్టింది. ఖర్చు సుమారు 1.3 కోట్ల డాలర్లు. పెట్టెల మీద పేరు లెనోవో. అంతకు ఏడాది ముందు దాకా ఆ పీసీ వ్యాపారం అమెరికా కంపెనీ ఐబీఎంది. 2005 మేలో 175 కోట్ల డాలర్ల బేరంతో అది చైనా కంపెనీ లెనోవో చేతికి వెళ్లింది. లెనోవో ప్రధాన వాటాదారు సంస్థలో చైనా ప్రభుత్వ విజ్ఞాన అకాడమీకి భాగం ఉంది.

ఆ కంప్యూటర్లలో 900 దాకా రాయబార కార్యాలయాలను కలిపే రహస్య నెట్‌వర్క్‌కు వెళ్లబోతున్నాయని బయటపడగానే వాషింగ్టన్‌లో గొడవ మొదలైంది. విదేశాంగ శాఖ నిధులు చూసే ఉపసంఘానికి అధ్యక్షుడైన ఫ్రాంక్ వూల్ఫ్ పట్టు వదల్లేదు. చివరకు ఆ యంత్రాలు ఒక్కటి కూడా రహస్య నెట్‌వర్క్‌లో ఉండవని ఆ ఏడాది మేలో శాఖ ప్రకటించింది.

విశేషమేమిటంటే, ఆ కంప్యూటర్లను బిగించింది చైనాలో కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో, మెక్సికోలోని మాంటెరే నగరంలో. వాటిలో చెడు ఏదీ దొరికిన దాఖలా కూడా లేదు. అయినా ఆ భయాన్ని వట్టి అపోహ అని కొట్టిపారేయడానికి నాకు మనసు ఒప్పదు. ఎందుకో తెలియాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

గోడకు తగిలించిన కానుక

1945 ఆగస్టులో మాస్కోలో సోవియట్ బాలబాలికలు అమెరికా రాయబారి ఆవెరెల్ హారిమన్‌కు స్నేహపూర్వకంగా ఒక కానుక ఇచ్చారు. అది అమెరికా రాజముద్రను చెక్కిన అందమైన చెక్క పలక. రాయబారి దాన్ని తన నివాసంలో గోడకు తగిలించుకున్నారు. 1952 దాకా, ఏడేళ్లపాటు, అది అక్కడే వేలాడింది.

దాని లోపల ఒక దొంగచెవి ఉంది. బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. బయట ఎక్కడో ఆగిన వాహనం నుంచి రేడియో తరంగాలు ప్రసరింపజేస్తే, గదిలోని మాటలకు అదిరే సన్నటి పొర ఆ తరంగాలను మార్చి వెనక్కి పంపేది. తరంగాలు ఆపేస్తే అది ఉత్త చెక్క ముక్కే. అందుకే తనిఖీలకు చిక్కలేదు. దాన్ని రూపొందించినవాడు లియో థెరమిన్. చేత్తో తాకకుండా వాయించే ‘థెరమిన్’ అనే సంగీత వాద్యాన్ని కనిపెట్టినవాడూ ఆయనే. 1960లో అమెరికా ప్రతినిధి ఈ పలకను ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో పైకెత్తి అందరికీ చూపించారు.

టైప్‌రైటర్ కొట్టిన ప్రతి అక్షరం

కంప్యూటర్ల మీద ప్రభుత్వాల అనుమానానికి అసలు పునాది నా దృష్టిలో ఇదే. 1980ల్లో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయంలో ఐబీఎం సెలెక్ట్రిక్ విద్యుత్ టైప్‌రైటర్లు వాడేవారు. పక్కా అమెరికా సరుకు. తమ కార్యాలయంలోని టెలిప్రింటర్లలో సోవియట్ పరికరాలు దొరికాయని మరో మిత్రదేశం చెప్పడంతో అమెరికావాళ్లకు అనుమానం వచ్చింది. 1984లో అధ్యక్షుడు రీగన్ అనుమతితో ‘గన్‌మాన్’ అనే పేరుతో ఒక రహస్య కార్యక్రమం నడిచింది. కార్యాలయంలోని సుమారు 11 టన్నుల యంత్రాలను, కోడింగ్ పరికరాలతో సహా, తీసి అమెరికాకు పంపి, వాటి స్థానంలో కొత్తవి పెట్టారు.

తిరిగొచ్చిన యంత్రాలను ఒక్కొక్కటిగా విప్పి, ఎక్స్‌రే తీసి వెతికారు. ముందుగా కనిపెట్టినవారికి 5,000 డాలర్ల బహుమతి అన్నారు. 1984 జులైలో ఒక రాత్రి ఒక టెక్నీషియన్‌కు ఎక్స్‌రేలో ఉండకూడని తీగచుట్ట కనిపించింది. మాస్కో, లెనిన్‌గ్రాడ్ కార్యాలయాల్లో కలిపి అలాంటి టైప్‌రైటర్లు 16 బయటపడ్డాయి. టైప్‌రైటర్ లోపలి లోహపు కడ్డీలో, చూడ్డానికి మామూలు కడ్డీలాగే ఉండేలా, ఆ పరికరాన్ని దాచారు. అక్షరాలు కొట్టే గుండు ఎటు తిరుగుతోందో అయస్కాంత మార్పులతో పసిగట్టి, ఏ అక్షరం పడిందో లెక్కగట్టి, రేడియోలో చిన్న చిన్న విడతలుగా బయటికి పంపేది. మాస్కో టీవీ ప్రసారాల పౌనఃపున్యాల పక్కనే పంపడంతో ఆ సంకేతం టీవీ హోరులో కలిసిపోయేది. దాదాపు 8 ఏళ్లు ఇలా సాగింది.

తయారైంది అమెరికాలో, తయారుచేసింది అమెరికా కంపెనీ. అయినా ఇలా జరిగింది. ఎందుకంటే అవి కాపలా లేకుండా మామూలు సరుకుగా రవాణా అయ్యాయి. యంత్రం ఏ దేశంలో పుట్టిందన్నది ఒక ప్రశ్న. పుట్టిన దగ్గర నుంచి మన బల్ల మీదకు వచ్చేదాకా ఎవరెవరి చేతులు పడ్డాయన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను వదిలేసి మొదటిదాన్నే పట్టుకుంటే సగం తలుపు తెరిచి ఉంచినట్టే.

సోవియట్‌వాళ్లు మాత్రం తమ రహస్య పత్రాలకు విద్యుత్ టైప్‌రైటర్లు వాడనిచ్చేవారు కాదు. చేత్తో కొట్టే టైప్‌రైటర్లను కూడా విదేశాల్లోని తమ కార్యాలయాలకు దౌత్య సంచుల్లోనే పంపేవారు.

మళ్లీ టైప్‌రైటర్

2013లో అమెరికా నిఘా రహస్యాలను ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కొద్ది వారాలకే, రష్యా నేతల భద్రత చూసే సంస్థ 20 విద్యుత్ టైప్‌రైటర్లకు టెండరు పిలిచింది. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. తర్వాతి ఏడాది జర్మనీలో నిఘా వ్యవహారంపై విచారణ జరుపుతున్న పార్లమెంటు సంఘం అధ్యక్షుడు పాట్రిక్ జెన్స్‌బుర్గ్ కూడా తమకు టైప్‌రైటర్ల ఆలోచన ఉందన్నారు.

నమ్మి కొన్న తాళం

స్విట్జర్లాండ్‌లోని జూగ్ ప్రాంతంలో క్రిప్టో ఏజీ అనే కంపెనీ ఉండేది. సందేశాలను రహస్య సంకేతాల్లోకి మార్చే యంత్రాలు తయారుచేసేది. ఎవరి పక్షమూ చేరని దేశం, మంచి పేరున్న కంపెనీ కదా అని 120కి పైగా దేశాలు కొన్నాయి. 1970 నుంచి ఆ కంపెనీకి రహస్య యజమానులు ఎవరో తెలుసా? అమెరికా సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచార సంస్థ బీఎన్‌డీ. కొన్ని యంత్రాలను కావాలనే తేలిగ్గా ఛేదించగలిగేలా తయారుచేసి అమ్మారు. దేశాలు డబ్బిచ్చి మరీ తమ రహస్యాలను అప్పగించాయన్నమాట.

1990ల మొదట్లో జర్మనీ తప్పుకుంది. సీఐఏ 2018 దాకా కొనసాగింది. 2020 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్ట్, జర్మన్ టీవీ చానల్ జెడ్‌డీఎఫ్ కలిసి ఈ సంగతి లోకానికి చెప్పాయి. కొన్న దేశాల జాబితాలో ఇరాన్ ఉంది. పాకిస్థాన్ ఉంది. భారతదేశమూ ఉంది.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు కష్టంగా అనిపించేది ఒకటే. శత్రుదేశం సరుకును అనుమానించడం ఎవరైనా చేస్తారు. తటస్థ దేశం నుంచి, నాణ్యమైన సరుకని నమ్మి కొన్నదాని సంగతి? విప్పి పరీక్షించగల నిపుణులు సొంతంగా లేని దేశానికి అప్పుడు నమ్మకం తప్ప వేరే దిక్కు లేదు.

దారిలో విప్పిన పెట్టెలు

2014 మేలో గ్లెన్ గ్రీన్‌వాల్డ్ పుస్తకంలో ఒక ఫొటో అచ్చయింది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఉద్యోగులు ఒక సిస్కో పెట్టెను జాగ్రత్తగా తెరుస్తున్నారు. విదేశాలకు వెళ్లే నెట్‌వర్క్ పరికరాలను దారిలో ఆపి, లోపల నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టి, మళ్లీ మూసి పంపేవారు. అప్పటి సిస్కో అధిపతి జాన్ ఛాంబర్స్ అధ్యక్షుడు ఒబామాకు లేఖ రాసి, ఇలాగైతే ప్రపంచం మా సరుకును ఎలా నమ్ముతుందని నిలదీశారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ, కోరిన ఖాతాదారులకు సంబంధం లేని చిరునామాలకు సరుకు పంపించే పద్ధతి మొదలుపెట్టింది. ఎవరి పెట్టె ఏదో దారిలో ఉన్నవాళ్లకు తెలియకూడదని.

చైనా అనుమానాలు

చైనా కంప్యూటర్లంటే అమెరికాకు ఎంత భయమో, అమెరికా సాఫ్ట్‌వేర్ అంటే చైనాకూ అంతే. 2014 మేలో ప్రభుత్వ కార్యాలయాల కొనుగోళ్ల నుంచి విండోస్ 8ని తప్పించింది. 2017లో మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా చైనా ప్రభుత్వం కోసమే విండోస్ 10 రూపం ఒకటి తయారుచేయాల్సి వచ్చింది. 2021లో టెస్లా కార్లను, వాటిలో కెమెరాలున్నాయని, సైనిక ప్రాంగణాల్లోకి రానివ్వడం మానేసింది. 2023 డిసెంబరులో జారీచేసిన కొనుగోలు మార్గదర్శకాలతో ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లున్న యంత్రాలను ప్రభుత్వ కార్యాలయాల నుంచి క్రమంగా పక్కకు తప్పిస్తోంది.

అర్ధరాత్రి రద్దీ

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఆఫ్రికన్ యూనియన్ కేంద్ర కార్యాలయాన్ని చైనా 20 కోట్ల డాలర్లతో కట్టి 2012లో కానుకగా ఇచ్చింది. కంప్యూటర్ వ్యవస్థ కూడా అందులో భాగమే. ఆ భవనంలోని సర్వర్ల నుంచి రోజూ అర్ధరాత్రి 12 నుంచి 2 గంటల మధ్య, ఎవరూ పనిచేయని వేళ, సమాచారం షాంఘైకి వెళ్తోందని 2018 జనవరిలో ఫ్రెంచి పత్రిక ల మోండ్ రాసింది. చైనా ఖండించింది. ఆఫ్రికన్ యూనియన్ నేతలూ కాదన్నారు.

ప్రత్యేక మీట

2017లో రష్యాకు చెందిన పరిశోధకులు ఇంటెల్ చిప్‌లలో ఒక విచిత్రం కనిపెట్టారు. ఇంటెల్ కంప్యూటర్లలో ప్రధాన ప్రాసెసర్‌తో పాటు ‘మేనేజ్‌మెంట్ ఇంజన్’ అనే మరో చిన్న కంప్యూటర్ ఉంటుంది. మనం వాడే విండోస్‌కు దాని మీద అదుపు ఉండదు. మామూలు కొనుగోలుదారు దాన్ని ఆపలేడు. కానీ దాన్ని పనిచేయకుండా చేసే, ఎక్కడా ప్రకటించని మీట ఒకటి ఉంది. అమెరికా ప్రభుత్వ అధిక భద్రతా కార్యక్రమం అవసరాల కోసం పెట్టిందని ఇంటెల్ ఒప్పుకుంది. సొంత దేశపు కంపెనీ చేసిన చిప్‌లోనే అమెరికా ప్రభుత్వం ఇంత జాగ్రత్త తీసుకుందంటే, దాన్ని దిగుమతి చేసుకునే దేశాలు ఎంత ఆలోచించాలి!

బాన్‌బరీ గది

బ్రిటన్ వేరే దారి ఎంచుకుంది. చైనా కంపెనీ హువావే పరికరాలను నిషేధించకుండా, 2010లో బాన్‌బరీ పట్టణంలో ఒక పరీక్ష కేంద్రం పెట్టించింది. ఖర్చు హువావేది, పర్యవేక్షణ బ్రిటన్ గూఢచార సంస్థది. అక్కడి నిపుణులు పరికరాలను విప్పి, సోర్స్ కోడ్ చదివి చూసేవారు.

2019లో ఆ కేంద్రం పర్యవేక్షక మండలి చెప్పింది చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో తీవ్రమైన, పదేపదే కనిపించే లోపాలున్నాయంది. అవి చైనా ప్రభుత్వం కావాలని పెట్టించినవని మాత్రం అనుకోవడం లేదంది. అంటే దొడ్డిదారి తవ్వి ఉంచారని కాదు, గోడే బలహీనంగా కట్టారని. బయటివాడు దూరడానికి అదీ చాలు. మరో చిక్కు కూడా ఉంది. తమకు చూపించిన కోడ్ నుంచి తయారైనదే నిజంగా పరికరాల్లో నడుస్తోందా అన్నది తేల్చడం వాళ్లకు పెద్ద తలనొప్పి అయింది. చివరికి 2020 జులైలో, 2027 చివరికల్లా 5జీ నెట్‌వర్క్‌ల నుంచి హువావే పరికరాలన్నీ తీసేయాలని బ్రిటన్ నిర్ణయించింది.

కోడ్ చదివితే చాలదా?

చాలదని 1984లోనే కెన్ థాంప్సన్ చెప్పారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్తల్లో ఒకరు, ట్యూరింగ్ అవార్డు గ్రహీత. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. ఆ కంపైలర్‌లోనే ఒకసారి మోసం దాచిపెడితే, అది తర్వాత తయారయ్యే ప్రతి కంపైలర్‌లోకి తనంతట తాను చేరుతుందని, సోర్స్ కోడ్‌లో దాని ఆనవాలు కూడా మిగలదని ఆయన తన అవార్డు ప్రసంగంలో చేసి చూపించారు. మీరు స్వయంగా రాయని కోడ్‌ను పూర్తిగా నమ్మలేరన్నది ఆయన సారాంశం.

2008లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు చిప్ విషయంలోనూ ఇది సాధ్యమేనని నిరూపించారు. పది లక్షలకు పైగా గేట్లు, అంటే అతి చిన్న సర్క్యూట్లు, ఉన్న ప్రాసెసర్‌లో కేవలం 1,341 గేట్లు అదనంగా చేర్చి, దొంగ లాగిన్‌కు దారి తెరిచారు.

అమ్మేవాడికీ భయమే

ఇప్పుడు మన దేశానికి వద్దాం. కొనేవాడికే కాదు, అమ్మేవాడికీ అనుమానాలుంటాయని మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. 1980ల్లో భారత్ అమెరికాను క్రే సూపర్ కంప్యూటర్ అడిగింది. అణ్వాయుధాలకు, క్షిపణులకు వాడతారన్న అనుమానంతో అడిగిన దానికంటే తక్కువ శక్తి ఉన్న మోడల్‌ను, వాతావరణ పరిశోధనకు మాత్రమేనన్న షరతుతో ఇచ్చారు.

ఆ అవమానం మంచే చేసింది. 1988లో పుణెలో సీడాక్ అనే కంప్యూటర్ పరిశోధన సంస్థ మొదలైంది. 1991లో అక్కడి విజయ్ భట్కర్ బృందం పరమ్ 8000 అనే సూపర్ కంప్యూటర్‌ను నిలబెట్టింది. అదే కాలంలో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థ ‘అనురాగ్’ అనే ప్రయోగశాలను నెలకొల్పింది. అక్కడ ‘పేస్’ అనే సమాంతర కంప్యూటర్‌ను రూపొందించి, క్షిపణులు, విమానాల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కగట్టడానికి వాడారు. ‘అనుపమ’ పేరుతో సొంత మైక్రోప్రాసెసర్‌ను కూడా రూపొందించారు. మన హైదరాబాద్ ఇంజనీర్ల ఈ కృషిని మన పాఠ్యపుస్తకాలు ఇంతవరకూ సరిగ్గా పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒక మాట చెప్పాలి. పరమ్ 8000 రూపకల్పన మనదే, దాని లోపల పనిచేసిన ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌లు మాత్రం బ్రిటన్ కంపెనీ ఇన్మాస్‌వి.

మొగల్లు నుంచి హైదరాబాద్ దాకా

అంతకు ముందే, 1962, 1965 యుద్ధాల కాలంలో, ఎలక్ట్రానిక్స్‌కు పరాయి దేశాల మీద ఆధారపడితే ఏమవుతుందో ఢిల్లీకి అర్థమైంది. హోమీ భాభా నాయకత్వంలోని సంఘం 1966లో ఇచ్చిన నివేదిక స్వావలంబన దిశ చూపింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. దానికి ప్రాణం పోసినవారు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లు ఆయన స్వగ్రామం. ఈసీఐఎల్ దగ్గర్లోని ఏఎస్‌రావునగర్ ఆయన పేరు మీద వెలసిందే. రోజూ ఆ బోర్డు ఉన్న బస్సెక్కేవాళ్లలో ఆ అక్షరాల వెనకున్న మనిషి ఎందరికి తెలుసు?

ట్రాంబే అణు కేంద్రంలో పుట్టిన టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను 1969 జనవరిలో విక్రమ్ సారాభాయ్ ప్రారంభించారు. దాన్ని, దాని తర్వాతి తరాలను ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది. మనం ఓటు వేసే యంత్రాలను తయారుచేసే రెండే రెండు సంస్థల్లో ఇది ఒకటి, రెండోది బెంగళూరులోని బీఈఎల్. రెండూ ప్రభుత్వ రంగానివే.

ఒక్క రోజులో మారిన నిర్ణయం

2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, సర్వర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అని కేంద్రం హఠాత్తుగా ప్రకటించింది. చెప్పిన కారణాల్లో భద్రత కూడా ఉంది. వ్యాపారులు గగ్గోలు పెట్టడంతో మర్నాడే అమలును అక్టోబరు 31 దాకా వాయిదా వేసింది. నవంబరు 1 నుంచి ముందస్తు అనుమతి పద్ధతి వచ్చింది. దేశ అవసరాల్లో ఎక్కువ భాగం దిగుమతుల మీదే నడుస్తున్నప్పుడు ఆంక్ష ప్రకటించడం తేలిక, నిలబెట్టడం కష్టం.

దానికంటే టెలికాం విషయంలో తీసుకున్న దారి నాకు నచ్చింది. 2021 జూన్ 15 నుంచి, టెలికాం కంపెనీలు తమ నెట్‌వర్క్‌లో కొత్తగా పెట్టే పరికరాలను ‘విశ్వసనీయ వనరు’గా ఆమోదం పొందిన చోట నుంచే కొనాలి. సీసీటీవీ కెమెరాలకూ 2025 ఏప్రిల్ 9 నుంచి కొత్త నిబంధన వచ్చింది. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, సోర్స్ కోడ్ పరీక్షలు దాటితేనే అమ్మకం. ఏ దేశపు కంపెనీ అయినా ఇదే నియమం. కూడలిలో, బడిలో, ఆసుపత్రిలో మన పిల్లల మీద చూపు నిలిపే కెమెరా ఎవరికి కబుర్లు పంపుతోందో తెలుసుకోవడం ప్రభుత్వ కనీస బాధ్యత.

చూసేవాడు కాదు, ఆపేవాడు

భయమంటే గూఢచర్యమొక్కటే అనుకుంటాం. 2025 జులైలో గుజరాత్‌లోని వడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఒక్కసారిగా ఆగిపోయాయి. రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు అందులో 49 శాతం వాటా ఉండటంతో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించింది. భారత చట్టం ప్రకారం నడిచే కంపెనీ, భారత్‌లో చెల్లించిన డబ్బు, అయినా ఈమెయిల్ మూగబోయింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ తర్వాత సేవలు తిరిగొచ్చాయి.

అదే నెలలో అమెరికాకూ ఒక షాక్ తగిలింది. తమ రక్షణ శాఖ క్లౌడ్ వ్యవస్థల నిర్వహణలో చైనాలో కూర్చున్న మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు సాయం చేస్తున్నారని ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. వాళ్లు చెప్పినదాన్ని అమెరికాలోని సహాయకులు యంత్రంలో నమోదు చేసేవారు. కంపెనీ వెంటనే ఆ పద్ధతి మానేసింది. సర్వర్ అమెరికాలో, కంపెనీ అమెరికాది, సలహా మాత్రం బీజింగ్ కాలమానం నుంచి.

మొహాలీ మంటలు, విక్రమ్ చిప్

1989లో పంజాబ్‌లోని మొహాలీలో ప్రభుత్వ సెమీకండక్టర్ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. దేశం చిప్‌ల తయారీలో అడుగుపెట్టిన కొద్ది ఏళ్లకే జరిగిన ఆ ప్రమాదం మనల్ని చాలా వెనక్కి నెట్టింది. మళ్లీ కట్టిన ఆ కర్మాగారంలోనే, ఇస్రో రూపకల్పనతో తయారైన 32 బిట్ల ప్రాసెసర్ ‘విక్రమ్ 3201’ను 2025 సెప్టెంబరులో ప్రధానికి అందజేశారు. రాకెట్ దారి తప్పకుండా చూసే పని దానిది. వాడిన సాంకేతికత 180 నానోమీటర్లు. అప్పటికే కొత్త సెల్‌ఫోన్లలోని చిప్‌లు 3 నానోమీటర్ల దగ్గరకు చేరాయి. రాకెట్‌కు వేగం కంటే వేడిని, కుదుపును, రేడియేషన్‌ను తట్టుకోవడం ముఖ్యం కాబట్టి ఆ పనికి ఇది సరిపోతుంది. తహసీల్దారు బల్ల మీది కంప్యూటర్‌కు సరిపోదు. అందులో పనిచేసేది ఈ రోజుకీ ఇంటెల్ చిప్పో, ఏఎండీ చిప్పో.